అత్తగారి నిద్ర మాత్రలు

"డాక్టరు చీటీ యాడ?" అన్నారు మందుల అంగట్లో కాంపౌండరు, తలెత్తకుండానే.

నేను కొంగు వేలికి చుట్టుకుంటూ, "చీటీ లేదు. అత్తకు నిద్ర పట్టలేదంట. మొన్నటి మాత్రలే ఇమ్మనింది" అన్నాను.

"నిద్ర మాత్రలంటే బొరుగులనుకుంటివా, అడిగినోళ్లకంతా పోసిచ్చేదానికి?"

అంగట్లో అందరూ నవ్వారు. బెంచీ మీద కూర్చున్న తాత ఒక్కడే జాలిపడ్డాడు. "కొత్త కోడలప్పా! ఉత్తచేతులతో పోతే అత్త తిడుతుంది. ఒకటన్నా ఇయ్యి."

"తిట్టనీలే తాతా. చీటీ లేకుండా ఎవురికీ ఇయ్యగూడదని సర్కారు రూలు."

ప్రొద్దుటూరు ఎండలో, అత్తకు ఏం చెప్పాలా అని భయపడుతూ ఇల్లు చేరాను. జరిగిందంతా చెప్పాను.

అత్త మంచం మీద లేచి కూర్చుంది.

"నాకేనని చెప్పినావా?"

"చెప్పినానత్తా."

"అయినా ఇయ్యలేదా?"

"లేదత్తా."

నేను తలవంచుకుని తిట్ల కోసం ఎదురుచూశాను. అత్త గబగబా గోడ దగ్గరికి పోయి పక్కింటి సుశీలమ్మను కేకేసింది.

"విన్యావా సుశీలమ్మా! మావోడు కన్నతల్లికి గూడా చీటీ లేనిదే మాత్ర ఇయ్యలేదంట. అడగను పోయింది సొంత పెండ్లామే, అయినా ఇయ్యలేదంట! ఎంత పెద్ద ఆఫీసరయినాడో చూడు!"