సీరియల్ కేబుల్

"ఇంకా కలుస్తలేదా?" అంది ఋతుజ, తమ్ముడి భుజం మీదుగా కంప్యూటర్‌లోకి వంగి చూస్తూ.

పరికరం కనిపించడం లేదని కంప్యూటర్ తెర మళ్లీ చెప్పింది. తుషార్ కేబుల్ ఊడదీశాడు, కొసను నోటితో ఊదాడు, మళ్లీ పెట్టాడు. ఒక కొస పాత కంప్యూటర్ వెనక, రెండో కొస చేతిలో పట్టేంత ఆసిలోస్కోపుకు. కరెంటు ఎలా పారుతోందో గీత గీసి చూపించే యంత్రం అది. మగ్గాల కరెంటు పనులు చేసే తుషార్ దాన్ని పాత సామాన్ల బజార్లో కొన్నాడు. బ్యాటరీ ఈమధ్యే పూర్తిగా చచ్చింది. ఛార్జర్ గోడకు ఉన్నంతసేపే దానికి జ్ఞాపకం. పీకితే అన్నీ మరిచిపోతుంది. దాని తెర కూడా ఈమధ్యే పగిలి నల్లబడింది, ఫోన్‌తో ఫొటో తీసుకుందామన్నా ఏమీ కనబడదు.

లోపల మాత్రం ఒక గీత ఉంది. తండ్రి రాజారాం మగ్గం మీద షాక్ కొట్టి చనిపోవడానికి ముందు రోజు, అదే మగ్గం ఇనుముకు పెట్టి తుషార్ దాచిన గీత. ఇనుములోకి కరెంటు దిగుతోందని అది చెబుతుంది. "తడి చేత్తో ముట్టుకున్నాడు, తప్పు ముసలాయనదే" అంటున్న కార్ఖానా మాలక్ నోరు మూయించడానికి ఈ ఇంట్లో మిగిలింది అదొక్కటే. శవం ముందు తుషార్ "గీత ఉండె, నేను చూసిన" అని ఏడ్చాడు. ఆ మాటను ఋతుజ పట్టుకుని వదల్లేదు.

"రేపు ఇంక్వైరీకి సాహెబు వస్తడు. నువ్వే చెప్పాలె. ఎప్పుడు చూసినవ్, మాలక్‌కు ఏం చెప్పినవ్, అన్ని. చెప్పినవ్ గదా మాలక్‌కు?"

"ఊ."

"ఊ ఏంది రా? నోరు తెరిచి చెప్పు."

"చెప్పిన అక్కా."

ఆ ఇంట్లో దుఃఖం కూడా మొద్దుబారిపోయింది. తల్లి యల్లమ్మ గుమ్మం పక్కన ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. కర్మలు అయిన రోజు నుంచి ఆమె ఏడవడం లేదు, పెద్దగా మాట్లాడడమూ లేదు. ఆకు, తంబాకు, దారం. అంతే. బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో పక్కిళ్ల ఆడవాళ్లు వచ్చి కూర్చుని, ఆమె ఏమీ అనకపోయేసరికి, తమ చాటలు తెచ్చుకుని తామూ చుట్టడం మొదలుపెట్టారు.

"గదేం వైరు రా?" అంది యల్లమ్మ తలెత్తకుండా.

"సీరియల్ కేబుల్ అమ్మా."

"సీరియల్‌దా?"

"ఊ."

విడమరిచి చెప్పే ఓపిక ఎవరికీ లేదు. ఋతుజ స్కూటీ తాళం తీసుకుంది.

"నేను హోట్గి రోడ్ పొయ్యి విశాల్ దుకాణంల కేబుల్ తెస్త. గది పక్కా నడుస్తది అన్నడు. ఛార్జర్‌కు ఎవ్వరు చెయ్యి పెట్టకుండ్రి. అమ్మా, ఇన్నవా? గా ప్లగ్గు పీకితె నాయిన కేసు ఖతం."

యల్లమ్మ తలూపింది. స్కూటీ చప్పుడు గల్లీ దాటింది.

"నీ సంచిల ఇంకో వైరు ఉండె గద రా" అంది యల్లమ్మ.

"అది పనికిరాదు."

"పెట్టి చూసినవా?"

తుషార్ ముఖం కడుక్కుంటానని, స్నానాలు చేసే మోరి వైపు వెళ్లాడు. చాలాసేపు నీళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఋతుజ తిరిగి వచ్చేసరికి గల్లీ మలుపు దాకా టీవీ వినిపిస్తోంది. చావు జరిగినప్పటి నుంచి ఆ ఇంట్లో టీవీ పెట్టలేదు. పరుగున లోపలికొచ్చి గోడ వైపు చూసింది. ఛార్జర్ కింద పడి ఉంది. దాని స్థానంలో టీవీ ప్లగ్గు ఉంది. తుషార్ తడి ముఖంతో మోరి గడప మీద నిలబడి ఉన్నాడు.

"అమ్మా! ఏం చేసినవే?"

"సీరియల్ టైం అయ్యింది బిడ్డా. వాడే చెప్పె గదా సీరియల్ వైరు అని. దాన్ని గుంజి టీవీది పెట్టిన."

"అరే దేవా! గది ఈ సీరియల్ కాదే! ఇంత చెప్పి పోతి గదా!"

ఋతుజ ఛార్జర్ మళ్లీ పెట్టింది. విశాల్ ఇచ్చిన కేబుల్ తగిలించింది. ఈసారి పరికరం వెంటనే కనిపించింది. లోపల ఒక్క గీత కూడా లేదు.

మొగుడు పోయి మతి చెదిరిన మనిషిని ఏమని తిట్టగలదు? ఋతుజ బయటికెళ్లి మెట్టు మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. పాపం, తండ్రి రెండోసారి చచ్చినట్టే ఉంది ఆమెకు.

లోపల ఇద్దరే మిగిలారు. తుషార్ టీవీ వైపు చూశాడు. మరాఠీలో ఎవరో వాన కబురు చదువుతున్నారు. యల్లమ్మ టీవీకి వీపు పెట్టి కూర్చుని ఉంది.

"అమ్మా, సీరియల్ వస్తలేదు. వార్తలు వస్తున్నయ్."

"రానీ."

"మరి ఎందుకు పీకినవ్?"

యల్లమ్మ చేతిలోని బీడీకి దారం చుట్టి, కొస తెంపింది. లేచి టీవీ గొంతు పెంచింది. బయట కూర్చున్న కూతురికి వినపడదని తేల్చుకున్నాక కొడుకు పక్కకు వచ్చింది.

"పొయ్యే ముందు రాత్రి బువ్వ తినుకుంట మీ నాయిన చెప్పిండు కొడుకా. 'మగ్గం జిల్లుమంటుందంటె మన పోరడు మిషిన్ పెట్టి చూసిండు. కరెంటు కొంచెమే దిగుతుంది, మాలక్‌కు చెప్పేదేం లేదు, రేపొక్క దినం నడుపు, ఎల్లుండి వచ్చి చేస్త అన్నడు' అని."