తాటిమానులో చోటు

గాలివాన వెలిసిన పొద్దున మీరేం చూశారో చెప్పండి. కూలిన తోపునే చూశారు కదూ? వడ్రంగిపిట్ట పోలయ్య మాత్రం తల తెగినా నిలబడ్డ ఒక్క తాటిచెట్టును చూశాడు. తొర్రలు తొలవడం అతని వృత్తి, పురుగులు కూలి. గూడు పోయిన చిలకలొచ్చాయి, పాలపిట్టలొచ్చాయి. వాటన్నిటికీ తొర్రలు తొలిచే పనిలో పోలయ్య ముక్కుకు ఊపిరాడలేదు. తన సొంత తొర్ర కూడా ఉడతకిచ్చేశాడు. సాయంత్రానికి మాను డొల్లగా మోగింది. ఇంకొక్క తొర్ర తొలిస్తే నడిమికి విరుగుతుంది.

అప్పుడొచ్చింది గోరింక. "మావా, నాకూ ఒకటి తొలిచిపెట్టు. నేడో రేపో గుడ్లు పెడతాను."

"ఇక తొలిస్తే చెట్టు కూలుతుందమ్మా."

"నా దాకా వచ్చేసరికే కూలుతుందా?"

చిలక పైనుంచి తొంగి చూసింది. "కొట్టు కట్టేశారు, వెళ్లమ్మా."

"పొద్దున నువ్వూ నాలాగే తడిసి వణికావుగా వదినా," అంది గోరింక. చిలక తల లోపలికి లాక్కుంది.

పోలయ్యకు ఒళ్లు మండింది. "ఎవరైనా కాస్త జరిగి చోటివ్వండర్రా," అంటూ మాను చుట్టూ తిరిగి ప్రతి తొర్రా తట్టాడు. ఒక్కరూ పలకలేదు. మళ్లీ మబ్బు కమ్ముతోంది. పోలయ్య ఇంకా తడుతూనే ఉన్నాడు.

ఆ తొర్రల్లో ఒకటి మీదైతే, మీరు పలుకుతారా?