హెస్టర్ కొనబోయిన రైఫిల్

"మనిషిని చంపడానికి వీటిలో ఏది మంచిది, ప్రౌటీ గారూ?"

గోధుమపిండి ధర అడిగినంత మామూలుగా అడిగింది హెస్టర్. తుపాకుల కొట్టు ప్రౌటీ చేతిలోంచి నూనెగుడ్డ జారిపోయింది. ఆమె మొగుడు ఓవెన్‌ని పాతిపెట్టి పదకొండు రోజులే అయింది. కాల్చింది పశువుల ఆసామి ర్యాంకిన్ అని వయోమింగ్‌లో ఆ మూలంతా తెలుసు. అయినా జ్యూరీ భోజనాల వేళకల్లా అతన్ని వదిలేసింది. శవం చేతిలో రైఫిల్ ఉంది మరి! ఎదుటివాడి చేతిలో రైఫిల్ ఉంటే చాలు, కాల్చినవాడు ప్రాణం కాపాడుకున్నట్టే లెక్క. అక్కడి న్యాయం అది.

"ఎవర్నమ్మా?" అన్నాడు ప్రౌటీ, ఏమీ ఎరగనట్టు.

"ఇంకెవర్ని? నా కొంప కూల్చినవాణ్ణి."

ప్రౌటీ మనసు కుదుటపడింది. ఆ రైఫిల్‌ని ఓవెన్ ముందురోజే తన దగ్గర కొన్నాడని కోర్టులో బైబిల్ మీద చెయ్యేసి చెప్పింది తనే. నిజానికి దాన్ని పట్టుకుపోయింది ర్యాంకిన్. ఆ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే. అందులో ఒకడు పోతే పీడ విరగడైనట్టే కదా!

హుషారుగా, చేత్తో లివర్ గుంజి తూటా ఎక్కించే రైఫిళ్లు మూడు దించి బల్లమీద పరిచాడు.

"ఇది పొట్టి వించెస్టర్. జీను పక్కన ఇట్టే ఇముడుతుంది. కానీ చిన్న తూటా, బాగా దగ్గరికెళ్లాలి. ఇదిగో, ఈ పొడుగుది ఎలుగుబంటినైనా పడగొట్టేస్తుంది. బరువెక్కువ. నీ భుజం ఆగదమ్మా."

"నా భుజం గోల మీకెందుకు? పదకొండు రోజుల్నించి ఇంతకంటే బరువే మోస్తున్నా. ఆ మూడోది?"

"మార్లిన్. పేలిన తూటా డొల్ల పైకెగరదు, పక్కకి పడుతుంది. పైనుంచి మంచు కురిసినా లోపలికి పోదు. నేనైతే కళ్లు మూసుకుని ఇదే తీసుకుంటా."

"అయితే అదే చూద్దాం. తూటాలు కూడా కొనాలా?"

"తూటాల్లేకుండా రైఫిల్ ఎవరు కొంటారమ్మా! గుర్రాన్ని కొని గడ్డి వద్దన్నట్టుంటుంది. పదిహేనేళ్లయింది ఈ కొట్టు పెట్టి. తూటాల పెట్టె చంకన పెట్టుకోకుండా గుమ్మం దాటినవాడు లేడు."

"మా ఆయన దాటాడుగా," అంది హెస్టర్. "ఇల్లంతా వెతికా. ఆ రైఫిల్‌కి పట్టే తూటా ఒక్కటంటే ఒక్కటి లేదు."

ప్రౌటీ వంగి కిందపడ్డ నూనెగుడ్డ తీసుకున్నాడు. "మర్చిపోయుంటాడమ్మా... ఆరోజు తొందరలో ఉన్నాడు పాపం."

"అయ్యుంటుంది లెండి. మతిమరుపు మనిషే." హెస్టర్ చిన్నగా నవ్వింది. "ఇంతకీ దీన్ని ఎలా నింపాలో చూపించండి."

ఆ నవ్వుతో అతనికి పోయిన ప్రాణం లేచొచ్చింది. వెర్రిబాగులది, ఏం చెప్పినా నమ్ముతుంది అనుకున్నాడు. కొట్టులో తుపాకీ నింపకూడదని, కొట్టు పెట్టిననాడే తను పెట్టుకున్న కట్టడి. కానీ ఆ తూటాల మాట మళ్లీ రాకపోతే చాలునని గబగబా నాలుగు తూటాలు రైఫిల్ పక్కనున్న సందులోకి తోశాడు. లివర్‌ని కిందికి గుంజి పైకి లాగాడు.

"చూశావా? ఇక మీట నొక్కడమే."

"పట్టుకుని నిలబడే తీరు కూడా చూపించండి."

ప్రౌటీ రైఫిల్‌ని భుజానికానించి, గోడమీది దుప్పి తలకి గురిపెట్టాడు. ఎప్పుడొచ్చారో, మంగలి జోసయ్యా, కమ్మరి టక్కరూ కిటికీ అద్దానికి ముక్కులానించి లోపలికి చూస్తున్నారు. పలకరింపుగా వాళ్లకేసి తల ఊపాడు.

"అచ్చం అలాగే ఉండు, ప్రౌటీ."

'గారు' పోయింది. అతని పక్కటెముకలకి చల్లగా ఏదో తగిలింది. హెస్టర్ శాలువా కిందినుంచి వచ్చిన పిస్తోలు అది.

"ర్యాంకిన్... ర్యాంకిన్ కదమ్మా చంపింది!" అన్నాడు ప్రౌటీ.

"వాడి వంతు రేపు. కిటికీ దగ్గరున్న ఇద్దరూ వాణ్ణి వదిలేసిన జ్యూరీలో కూర్చున్నవాళ్లే. నీ చేతిలో ఏముందో చూసి పొమ్మని నేనే పిలిచా."