ఎందుకు మార్చినావు?

"ఈ మురళీధర్ అనేవాడు నేనేనా అన్నా?"

మదనపల్లెలోని పుస్తకాలు అచ్చేసే ఆఫీసులో ఎడిటర్ మురళీధర్ ఒక కాగితాల కట్టను బల్ల మీద పడేశాడు. పుంగనూరు బస్సు దిగి అప్పుడే వచ్చిన వరదరాజులు కండ్లద్దాలు పెట్టుకుని పై కాగితం చూశాడు. తను రాసిందే.

'వర్ణన పెంచినా. ఆ మురళీధర్‌కు మల్లెపూలు కావాల్నంట. మా మిట్ట మీద మల్లెలు యాడుండాయో ఆయప్పే వచ్చి సూపించల్ల.'

వరదరాజులు గబుక్కున తలెత్తాడు. "ఇది మీకెట్ల వచ్చె సార్?"

"నువ్వే ఇస్తివి. పెన్‌డ్రైవ్‌లో నవలతో పాటు."

అప్పుడర్థమైంది. పాత రాతలేవీ పోకుండా దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి కూతురు రేవతి కంప్యూటర్లో వేసిచ్చింది. సేవ్ చేసిన ప్రతిసారీ ఏం మార్చావో, ఎందుకు మార్చావో ఒక మాట రాయమంటుంది. రాయకపోతే ఒప్పుకోదు. టమోటా మండీలో పొద్దంతా వేలంపాట అరిచి వచ్చే మనిషి, ఎందుకని అడిగేవాళ్ళు ఇంకెవరూ లేక, దానికే అన్నీ చెప్పుకున్నాడు. నవల ఇవ్వమంటే ఫోల్డరును ఉన్నదున్నట్టు కాపీ చేసి ఇచ్చేశాడు.

"మిషన్ అడిగిందని రాసినా సార్. మనుషులు సదువుతారనుకోలే."

"ఆఫీసంతా సదివినాం. ఇదో, ఈ సాయికుమార్ ప్రింటు తీసినాడు." మురళీధర్ ఇంకో కాగితం తిప్పాడు.

'నవల్లో నాయకుని తండ్రిని సంపేసినా. గౌరమ్మ సంగటి సల్లగా పెట్టింది.'

"గౌరమ్మ ఎవరు?"

"మా ఇంట్లో ఆమె."

"సంగటి సల్లగుంటే ముసలాయన్ను సంపేస్తావా అన్నా?"

కంప్యూటర్ ముందున్న సాయికుమార్ కిసుక్కున నవ్వాడు. "కింద సూడండి సార్, మర్నాడే బతికించినాడు."

'తండ్రిని బతికించినా. గౌరమ్మకు జరం. నేను కెలికితే సంగటి ఉండలు కట్టింది.'

దాని కింద ఇంకొకటి.

'పెండ్లి తీసేసినా. ఈపొద్దు ధర లేక రైతులు మండీ బయట టమోటా రోడ్డు మీద పారబోసి పోయినారు. ఇంగ నవల్లో ఈండ్లకు పెండ్లొకటా.'

సాయికుమార్ ఈసారి నవ్వలేదు.

"నవల సంగతి సెప్పండి సార్," అన్నాడు వరదరాజులు నీరసంగా. "ఇదీ కాదంటే కంప్యూటర్ అమ్మేస్తానని ఇంట్లో మాటిచ్చి వచ్చినా."

మురళీధర్ నవల ప్రతిని అతని వైపు తోశాడు. "బాగలేదన్నా. పోయినసారి కన్నా అధ్వానం."

"పెరిగిందంతా మీరు సెప్పిన వర్ణనే గదా సార్."

"అదే సెప్తాండా."

వరదరాజులు ప్రతిని సంచిలో పెట్టుకుని లేచాడు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. "తిట్టినానని మనసులో పెట్టుకోవద్దు సార్. ఆ కాయితాలు గూడా ఇస్తే పొయ్యిలో పెట్టుకుంటా."

మురళీధర్ చప్పున కట్ట మీద చెయ్యి వేశాడు.

"ఇవి యాడిచ్చేది? నువ్వు సరే అంటే ప్రెస్సుకు పోతాయి. మేమేసే పుస్తకం ఇదే."

వరదరాజులు అక్కడే నిలబడిపోయాడు. "మీ మీద తిట్లో?"

"ఉండనీలే. నువ్వు మాత్రం కంప్యూటర్ అమ్మొద్దు, ఆ నవల ఆపొద్దు. నువ్వు దాన్ని సెడగొడతాంటేనే గదన్నా ఇవి పుట్టేది!"