అమ్మ పక్కన జాగ

“నన్ను గాడ పెట్టకుండ్రి బిడ్డా.”

సిద్దయ్య మాట విని యమున చేతిలోని జావ గిన్నె కింద పెట్టింది. గుండె బాగా బలహీనపడిందని, ఇంటికి తీసుకుపోయి అడిగింది పెట్టమని డాక్టరు చెప్పాడు. అది తెలిసి ఆమె బౌరంపేట నుంచి తూంకుంటలోని పుట్టింటికి వచ్చింది. చివరి కోరికల సంగతి నాయినను అడిగే ధైర్యం తమ్ముడు వీరేందర్‌కు లేదు. అందుకే తనే అడిగింది. కానీ ఈ జవాబు వస్తుందనుకోలేదు.

“గాడ అంటే? అమ్మ పక్కకా?”

“ఆఁ. గాడ వద్దు. ఏడనన్న కాల్చుండ్రి.”

తల్లి బాలనర్సమ్మ సమాధి చెలక గట్టు మీద ఉంది. పిల్లలిద్దరికీ ఊహ తెలియక ముందే, బొంబాయి దిక్కు కట్టడం పనులకు పోయిన చోట ఆమె జ్వరమొచ్చి పోయిందని, బూడిద తెచ్చి సిద్దయ్యే అక్కడ పెట్టాడని ఊరంతా చెబుతుంది. ఏటా పెత్తరమాసకు అక్కాతమ్ముళ్లు అక్కడ బువ్వ పెడతారు. సిద్దయ్య మాత్రం ఎన్నడూ ఆ గట్టెక్కలేదు. చూడలేకనే అనుకునేవారు పిల్లలు. చుట్టూ ప్లాట్లు లేచినా వీరేందర్ ఆ ముక్కను ఎవరికీ ఇవ్వలేదు.

“గా జాగ నీ కోసమే ఆపిన నాయినా,” అన్నాడతను తలుపు దగ్గర నుంచి. “ఇప్పుడు వద్దంటే ఊరోళ్లు ఏమంటరు?”

సిద్దయ్య గోడ వైపు తిరిగాడు. యమున మంచం అంచున కూర్చుంది.

“అమ్మ ముచ్చట నువ్వెన్నడూ చెప్పలే. ఇప్పుడన్న చెప్పు. ఎట్లుండేది?”

ఆయన మళ్లీ ఆమె వైపు తిరిగాడు. “మస్తు నవ్వేది. ఇటుకలు మోసుకుంట గూడ నవ్వేది. నాకు నచ్చకపోయేది. ఎవన్ని జూసి నవ్వుతున్నవని అడిగేటోన్ని. తాగొచ్చి కొట్టేటోన్ని.”

యమున జావ గిన్నెను పక్కకు జరిపింది.

“జ్వరం గాదు బిడ్డా. నేను కొట్టబట్టే పోయింది.”

చిన్నప్పుడు తనకు జడలల్లిన చేతులు దుప్పటి మీద ఉన్నాయి. వాటి వైపు చూడలేక ఆమె నేల చూసింది. వీరేందర్ తలుపు పట్టుకుని నిలబడిపోయాడు.

“ఇంకో మాట,” అన్నాడు సిద్దయ్య. “నేను పోయినంక కౌకూర్ల ఒకామె ఉన్నది, ఆమెకు కబురు పంపుండ్రి. వస్తే రానియ్యుండ్రి. రాకుంటే ఏమనకుండ్రి.”

“ఎవరామె?”

వీరేందరే అందుకున్నాడు.

“బొల్లారం అంగడిల కూరగాయలమ్ముతది అక్కా. నాయిన ఆమె దగ్గర కూసుండంగ నేనే చూసిన. పెద్దోడు గదా అని ఊకున్న.”

యమున లేచింది.

“అమ్మను కొట్టి సంపుకున్నవు. మేము గా మట్టికి మొక్కుకుంట పెరిగినం. నువ్వేమో ఇంకొకామెను చూసుకున్నవు. ఆమె వచ్చి మా ఇంట్ల ఏడ్వాల్నా? నేను కబురు పంప నాయినా. మా అమ్మ తిరగాల్సిన ఇంట్ల ఆమె అడుగు పెట్టద్దు.”

“మెల్లగ అక్కా,” అన్నాడు వీరేందర్.

సిద్దయ్య ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె వెనక్కి తీసుకుంది.

“ఆమెను అనకు బిడ్డా. మిమ్ముల ఒక్కసారి చూపియ్యమని ఎన్నిసార్లో ఏడ్చింది. నేనే భయపడి రానియ్యలే.”

“మమ్ముల ఎందుకు చూడాలె? మాకు ఏమైతది ఆమె?”

ఆయన పెదవులు కదిలాయి. మాట వినపడక ఇద్దరూ మంచం మీదికి వంగారు.

“పోయిందంటే సావలే బిడ్డా, ఇడిసిపెట్టి పోయింది. గామెనే మీ అమ్మ.”