ఎర్ర చొక్కా

"ఇవాళ ఆ ఎర్ర చొక్కా వేసుకెళ్లవయ్యా, నీలంది మాసింది," అంది భార్య బోడిల్.

ప్రెబెన్‌కి అరవై రెండేళ్లు. ఆర్హుస్ నగరంలో ముప్ఫై ఏళ్లుగా అదే జిమ్ములో బరువులెత్తుతున్నా, అతని కండలను తలతిప్పి చూసినవాడు లేడు. ఆ ఉక్రోషంతోనే మొన్న కండలు పెంచే స్టెరాయిడ్ సీసా కొని, మేజోళ్ల సొరుగులో దాచాడు. ఇంకా సీలు తీయలేదు.

ఆ ఉదయం జిమ్ముకి, అలాంటి మందులు వాడేవాళ్లను పట్టుకునే డోపింగ్ పరీక్షల వాళ్లు వచ్చారు. కొండల్లాంటి కుర్రాళ్లను దాటుకుని, తిన్నగా ప్రెబెన్ ముందు ఆగారు.

"పెద్దాయనా, మూత్రం పరీక్షకి రావాలి."

"నేనా? నిజంగా నేనేనా?" ప్రెబెన్ మొహం చేటంత అయింది. "పదండి బాబూ, రెండు సీసాలిస్తా!"

ఇంటికి ఈలేసుకుంటూ వచ్చాడు.

"ఏమేవ్, అంతమందిలో నన్నే అనుమానించారే! ఈ ఒళ్లు సూదిమందుతో పెంచాననుకున్నారు!"

"చూస్తే ఎవరైనా అనుకుంటారు మరి," అంది బోడిల్, కాఫీ పోస్తూ.

చొక్కా విప్పి కుర్చీ మీద పడేసి, అతను లోపలికెళ్లాడు. సొరుగు లాగిన చప్పుడైంది. ఆ వెంటనే చెత్తబుట్టలో ఏదో ఠక్కున పడింది.

బోడిల్ నవ్వాపుకుంటూ చొక్కాను వాషింగ్ మెషీన్లో వేసింది. నిన్న మేజోళ్లు సర్దుతూ సీసా చూసి, పరీక్షల వాళ్లకు ఫోన్ చేసింది తనే. మనిషి ఆనవాలు చెప్పమంటే కండల మాటే ఎత్తలేదు.

"ఎర్ర చొక్కా," అంది.