ఎరుపు కొంచెం ఎడమకి

“ఎరుపు ఇంకా జరగాలా?” టీవీ వెనక నుంచి వీరభద్రం అడిగాడు.

“జరగాలండి. కొంచెం ఎడమకి,” అంది వరహాలక్ష్మి, తెర ముందు పీట వేసుకుని.

“ఇప్పుడు?”

“అయ్యో, ఎక్కువైపోయింది. కాస్త వెనక్కి తిప్పండి.”

ఎక్కువేమీ కాలేదు. సరిగ్గా కుదిరింది. కానీ కుదిరిందంటే ఆయన లేచి చేతులు కడుక్కుంటాడు, పేపరు తీస్తాడు, ఆ పూటకి మాటలైపోయినట్టే.

బీరువా అంత టీవీ అది. లోపల మూడు గొట్టాలుంటాయి, ఎరుపు, పచ్చ, నీలం. మూడూ వేసే బొమ్మలు తెర మీద ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటేనే మనిషి మనిషిలా ఉంటాడు. లేకపోతే వార్తలు చదివే అమ్మాయికి ఒక పక్కన ఎర్రటి అమ్మాయి, కింద నీలం అమ్మాయి తోడై ముగ్గురూ వార్తలు చదువుతారు. వెనక కూర్చుని ఆ రంగులు జరిపే మరలు తిప్పే మనిషికి తెర కనబడదు. ముందు కూర్చుని చెప్పే మనిషొకరు కావాలి. తణుకులోని ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే కాబట్టి ఆ రెండో మనిషి వరహాలక్ష్మే.

మామూలు రోజుల్లో వాళ్ల సంభాషణ ‘కాఫీ’, ‘గ్యాస్ వచ్చిందా’, ‘తలుపేసుకో’తో సరిపోయేది. వీరభద్రం చెడ్డవాడు కాదు. గోడ గడియారం లాంటివాడు. కొట్టవలసినప్పుడు కొడతాడు, మిగతాప్పుడు తన పని తనది. టీవీ వెనక దూరితే మాత్రం మనిషి మారిపోయేవాడు. మొహం కనిపించకపోతే ఆయనకి మాటలు బాగా వచ్చేవి.

“బెండకాయలు ఎక్కడ కొన్నావు? లేతగా ఉన్నాయి,” అనేవాడు మర తిప్పుతూ.

“నచ్చాయాండి?”

“నచ్చకపోతే రెండోసారి వడ్డించుకుంటానా? ఎరుపు ఎలా ఉంది?”

“ఇంకా జరగాలి,” అనేది ఆవిడ.

అందుకే ఆయన ఆఫీసుకి వెళ్లాక అప్పుడప్పుడూ వరహాలక్ష్మి టీవీ వీపు మీద కప్పిన పాత దుప్పటి తొలగించి, కూరల కత్తి మొనతో ఎర్ర మరని కాస్త తిప్పి వచ్చేది. ఎరుపొక్కటే. అత్యాశకి పోకూడదని. నీలానికి ఆవిడ సాయం అక్కర్లేదు. ముసలి సెట్టు కదా, దానంతటదే జారేది.

అంతా సవ్యంగా సాగుతుండగా రాజమండ్రి నుంచి తమ్ముడు ఉదయ్‌భాస్కర్ వచ్చాడు. కాఫీ గ్లాసుతో తెర ముందు కూర్చుని కళ్లు నులుముకున్నాడు.

“ఏంటి బావగారూ ఇది? ఒక్క వార్తకి ముగ్గురికి జీతాలిస్తున్నారా?”

“నేను సరిచేస్తానులే,” అన్నాడు వీరభద్రం.

“మీరు సరిచేస్తేనే కదండీ ఇలా ఉంది. ఆదివారం మా మెకానిక్‌ని పంపిస్తాను. ఏమంటావే అక్కా?”

వీరభద్రం భార్య వైపు చూశాడు. వరహాలక్ష్మి వద్దనాలనే అనుకుంది. వద్దనడానికి కారణం చెప్పాలి. ఉన్న కారణం తమ్ముడికి చెప్పేది కాదు.

“నీ ఇష్టంరా,” అంది.

ఆదివారం సురేష్‌బాబు అనే మెకానిక్ వచ్చాడు. వరహాలక్ష్మి అలవాటుగా పీట వేసుకుంది.

“ముందు కూర్చుని నేను చెబుతాను బాబూ.”

“ఆయ్, మీకెందుకండి శ్రమ. ఓ అద్దం ఇవ్వండి చాలు.”

పడగ్గదిలో అద్దం తెచ్చి ఇచ్చింది. అతను దాన్ని తెర ముందు కుర్చీలో నిలబెట్టి, తను వెనక కూర్చుని, అద్దంలో చూసుకుంటూ మరలు తిప్పేశాడు.

“చూశారాండి? రెండో మనిషితో పనే లేదు.”

చూసింది. వీరభద్రం కూడా చూశాడు.

“గోళ్ల రంగు ఉందాండి ఇంట్లో?” అనడిగాడు సురేష్‌బాబు.

తమ్ముడి పెళ్లికి కొని రెండు వేళ్లకి వేసుకుని సిగ్గుపడి మానేసిన మెరూన్ రంగు, చాలావరకు ఎండిపోయినా, సీసా అడుగున కొంచెం ఉంది. అతను ఒక్కో మర మీద ఒక్కో బొట్టు పెట్టాడు.

“ఆరిందంటే బిగిసిపోద్దండి. ఎవరన్నా గీకితే తప్ప ఇంక పదేళ్లు కదలదు.”

ఆ సాయంత్రం వార్తల అమ్మాయి తేటగా, కడిగిన ముత్యంలా, ఒక్కర్తే కూర్చుని చదువుకుంది.

“బాగుంది కదండీ?” అంది వరహాలక్ష్మి.

“ఊఁ,” అన్నాడు వీరభద్రం పేపరు వెనక నుంచి.

పదేళ్లు, అనుకుంది ఆవిడ. ఆ వారమంతా ఇంట్లో కుక్కర్ ఒక్కటే గొంతెత్తి మాట్లాడింది.

శుక్రవారం మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక తల్లోంచి పిన్ను తీసింది. దుప్పటి తొలగించి, మసక వెలుతురులో తడుముకుంటూ, ఎర్ర మర మీది రంగుని దొంగలా గీకింది. మరని కాస్త తిప్పి, దుప్పటి కప్పి, ఏమీ ఎరగనట్టు వెళ్లి బియ్యం ఏరుకుంది.

సాయంత్రం వీరభద్రం టీవీ పెట్టాడు. ఎర్రటి అమ్మాయి కుడిపక్కకి వచ్చేసింది. అది వరహాలక్ష్మికి తెలిసిందే. కానీ కింద నీలం అమ్మాయి కూడా తయారైంది. నీలం జోలికి తను పోలేదు. ముసలి సెట్టైనా, అంత రంగు పూసి బిగించాక ఎలా జారింది?

“వరహాలూ, మళ్లీ పోయినట్టుంది,” అన్నాడు వీరభద్రం.

“పోయినట్టే ఉందండి.”

అద్దం తెమ్మంటాడేమోనని ముందే వెళ్లి టార్చి తెచ్చింది. ఆయన అద్దం ఊసే ఎత్తలేదు.

“పీట వేసుకో,” అంటూ ఆవిడ చేతిలో టార్చి కోసం చెయ్యి చాపాడు.

ఆయన బొటనవేలి గోటి సందులో మెరూన్ రంగు పెచ్చొకటి ఇరుక్కుని ఉంది.